ఎలక్ట్రిక్ బ్లూస్‌ని డబ్ పద్ధతిలో మిక్స్ చేస్తే: లిటిల్ ఆక్స్ మొదటి ఆల్బమ్ మీద చర్చ

నీలిస్వరం

లిటిల్ ఆక్స్ పేరుతో 1994లో వచ్చిన 'ద వుల్ఫ్ దట్ హౌస్ బిల్ట్' గురించి విడిగా ఒక చర్చ ఉండాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. ఈ ఆల్బమ్ పేరెత్తితే చాలు ట్రిప్ హాప్ (నెమ్మదైన హిప్ హాప్ బీట్ల సంగీతం) అనేస్తారు, లేదా పని చేసుకుంటూ వెనకాల పెట్టుకునే మ్యూజిక్ అనేస్తారు, అక్కడితో మాట ఆగిపోతుంది. నాకు అది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఇది బ్లూస్ ఆల్బమ్. డబ్ పద్ధతిలో, అంటే వాద్యాల్ని తీసేస్తూ, ఎకోలోకి విసురుతూ మిక్స్ చేసిన బ్లూస్ ఆల్బమ్. బ్లూస్‌ని పైపూతగా వాడుకున్న డబ్ ఆల్బమ్ కాదు.

చేసినవాళ్లెవరో చూస్తే సంగతి అర్థమవుతుంది. లిటిల్ ఆక్స్ అంటే స్కిప్ మెక్‌డొనాల్డ్. అసలు పేరు బెర్నార్డ్ అలెగ్జాండర్, 1949లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో పుట్టాడు, గిటార్ మీద బ్లూస్ నేర్పింది వాళ్ల నాన్నే. పెద్దయ్యాక బాసిస్ట్ డగ్ వింబిష్, డ్రమ్మర్ కీత్ లెబ్లాంక్‌లతో కలిసి షుగర్‌హిల్ రికార్డ్స్‌కి ఆస్థాన బ్యాండ్‌లా పనిచేశాడు, అంటే హిప్ హాప్ తొలినాళ్ల రికార్డుల్లో చాలావాటి వెనక వాయించింది ఈ ముగ్గురే. 80ల మధ్యలో లండన్ మిక్సర్ ఏడ్రియన్ షేర్‌వుడ్ పరిచయమయ్యాక ఆయన లేబుల్ ఆన్-యూ సౌండ్‌కి చేరారు, టాక్‌హెడ్ అనే బ్యాండ్ అయ్యారు. బ్లూస్ ఇంట్లో పెరిగి, హిప్ హాప్‌లో పని చేసి, డబ్ మిక్సర్ పక్కన పదేళ్లు గడిపిన మనిషి నలభై దాటాక నాన్న నేర్పిన సంగీతానికి తిరిగొచ్చాడు, కానీ మధ్యలో నేర్చుకున్నదేదీ బయట వదిలిపెట్టి రాలేదు. ఈ ఆల్బమ్ అది.

మళ్లీ ఒకసారి వినండి. గిటార్ ఎక్కడా తొందరపడదు. రెండు మూడు స్వరాలు వాయించి ఆగుతుంది, ఆ స్వరాలు ఎకోలో దూరం వెళ్లేదాకా ఆగుతుంది. మామూలు బ్లూస్ రికార్డులో పాట పాడాక గిటార్ జవాబు చెబుతుంది కదా, ఇక్కడ జవాబు చెప్పేది గిటార్ వదిలిన ఖాళీ. మీకేమనిపించింది?

లోస్వరం

ఎవరో ఒకరు మొదలుపెట్టారు, థాంక్స్. నేను బాస్ వైపునుంచి మాట్లాడతా. డగ్ వింబిష్ తర్వాత 1992లో లివింగ్ కలర్ అనే రాక్ బ్యాండ్‌లో చేరాడు, అక్కడ ఎంత వేగంగా, ఎంత దట్టంగా వాయించగలడో అందరూ చూశారు. అలాంటివాడు ఈ ఆల్బమ్‌లో రెండు బార్ల (రెండు తాళం చుట్ల) బాస్ లైన్ పట్టుకుని నిమిషాల తరబడి దాన్నే తిప్పుతాడు. చేతకాక కాదు కదా. అన్నీ చేతనైనవాడు కావాలని తగ్గించి వాయిస్తే ఒక్కో స్వరానికి వచ్చే బరువు వేరు. కీత్ లెబ్లాంక్ కూడా అంతే, డ్రమ్ మెషీన్‌ని మనిషిలా, మనిషి డ్రమ్స్‌ని మెషీన్‌లా నడిపించడం తెలిసినవాడు. 2024లో పోయాడు, ఆ వార్త చూసినప్పుడు నేను ముందు పెట్టుకున్నది ఈ ఆల్బమే.

ఇంకో మాట, దయచేసి ఫోన్ స్పీకర్‌లో విని అభిప్రాయం చెప్పకండి. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ స్పీకర్ దాని దరిదాపులకి కూడా వెళ్లలేదు. అంటే మీరు వింటున్నది ఆల్బమ్‌లో పై సగం మాత్రమే. దీన్ని "నెమ్మదిగా, ఏమీ జరగకుండా ఉంది" అనేవాళ్లలో సగం మందికి ఇదే కారణమని నా గట్టి నమ్మకం.

షికాగో_వైపు

మంచి స్పీకర్లలోనే విన్నా, మొత్తం విన్నా. సౌండ్ బాగుంది, కాదనను. కానీ నీలిస్వరం గారూ, ఇది బ్లూస్ ఆల్బమ్ అన్న మాట దగ్గర నేను ఆగిపోతున్నా.

ఎలక్ట్రిక్ బ్లూస్ ఎలా వచ్చింది? మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ వదిలి షికాగో వచ్చాడు, మద్యం బార్లలో జనం గోల మధ్య అకౌస్టిక్ గిటార్ ఎవరికీ వినబడలేదు, ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నాడు. అంటే అది గొంతు పెంచడం కోసం పుట్టిన సంగీతం. చెమట, గొడవ, ఒకే గదిలో ఐదుగురు ఒకరినొకరు చూసుకుంటూ వాయించడం. ఒకటో కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) నుంచి నాలుగో కార్డ్‌కి వెళ్లి రావడం, ఐదో కార్డ్ దగ్గర ఒత్తిడి పెరగడం, చివర్లో వచ్చే టర్న్ అరౌండ్‌లో అది విడిపోయి మళ్లీ మొదటికి రావడం, బ్లూస్‌లో కథ నడిచేదే ఆ పన్నెండు బార్లలో. ఈ ఆల్బమ్‌లో కార్డ్ మారదు, గొడవ లేదు, సోలో అని చెప్పుకోదగ్గది దొరకదు. మూడ్ ఉంది. మూడ్ ఒక్కటే బ్లూస్ అయిపోదు.

టేప్‌ఎకో

షికాగో_వైపు గారు మంచి పాయింట్ పట్టుకున్నారు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక పట్టండి.

పన్నెండు బార్లు బ్లూస్‌లో ఒక దారి, ఒకే దారి కాదు. హౌలిన్ వుల్ఫ్ 1956లో షికాగోలోని చెస్ లేబుల్‌కి చేసిన 'స్మోక్‌స్టాక్ లైట్నిన్' తీసుకోండి. కార్డ్ మారదు. ఒకే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరుస), దాని మీద ఆ గొంతు. జాన్ లీ హుకర్ 1948లో చేసిన 'బూగీ చిల్లెన్' కూడా అంతే, ఒక గిటార్, ఒక కార్డ్, నేలకేసి కొట్టే పాదం. మీరు చెప్పిన షికాగోలోనే, అక్కడి చెస్‌లోనే ఈ ఒక్క కార్డ్ బ్లూస్ బతికే ఉంది. స్కిప్ తన ఆల్బమ్‌లో శాంపిల్ చేయడానికి (పాత రికార్డు ముక్క తీసి వాడుకోవడానికి) హౌలిన్ వుల్ఫ్ గొంతునే ఎంచుకోవడం, ఆల్బమ్ పేరులో వుల్ఫ్‌ని పెట్టడం ఊరికే జరిగిందని నేను అనుకోను.

ఇక డబ్ వైపునుంచి చూస్తే ఒక్క కార్డ్ అవసరం ఇంకా పెద్దది. డబ్‌లో మిక్సర్ చేసే పని ఏమిటంటే, నడుస్తున్న పాటలోంచి ఒక వాద్యాన్ని పట్టుకుని ఎకోలోకి విసరడం, దాని ఫేడర్ (వాల్యూమ్ మీట) దించేయడం. ఆ స్వరం కొన్ని బార్ల పాటు గాలిలో తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు పాట నాలుగో కార్డ్‌కి మారిందనుకోండి, తిరుగుతున్న ఎకో మాత్రం ఒకటో కార్డ్‌లోనే ఉండిపోతుంది, రెండూ ఢీకొంటాయి. కార్డ్ మారిన ప్రతిసారీ మిక్సర్ ఎకోని కట్ చేసుకుంటూ కూర్చోవాలి. అంటే డబ్ చేయడానికి చోటే ఉండదు. బ్లూస్, డబ్ కలిపే ప్రయత్నాలు చాలామటుకు ఇక్కడే కాలు జారతాయి, పన్నెండు బార్లని అలాగే ఉంచి పైన నాలుగు ఎకోలు చల్లి వదిలేస్తారు. ఇక్కడ స్కిప్, షేర్‌వుడ్ అలా చేయలేదు. బ్లూస్‌లో ముందునుంచే ఉన్న, డబ్‌కి సరిపోయే భాగాన్ని వెతికి పట్టుకుని దాని మీదే ఆల్బమ్ కట్టారు. రెంటినీ బాగా తెలిసినవాళ్లు తీసుకునే నిర్ణయం అది.

ఎకో సంగతి కూడా చెప్పాలి. ఎకో అనగానే జమైకా గుర్తొస్తుంది మనకి, కానీ షికాగో ఇంజినీర్ బిల్ పట్నమ్ 1947లోనే యూనివర్సల్ రికార్డింగ్ స్టూడియోలో బాత్రూమ్‌ని ఎకో గదిగా వాడాడు. చెస్ తొలి రికార్డుల్లో చాలావరకు ఆ స్టూడియోలోనే జరిగాయి. లిటిల్ వాల్టర్ 1952లో చేసిన 'జూక్' వినండి, హార్మోనికాని మైక్‌కి గట్టిగా ఆనించి యాంప్‌లోంచి పంపితే అది మౌతార్గాన్‌లా కాక ఏదో కొత్త వాద్యంలా మోగుతుంది. చిన్న గదిలో వాయించినదాన్ని పెద్ద చోట వాయించినట్టు వినిపించాలన్న కోరిక ఎలక్ట్రిక్ బ్లూస్ పుట్టినప్పటినుంచీ ఉంది. డబ్ ఆ కోరికని చివరిదాకా తీసుకెళ్లింది.

కొత్త_చెవులు

ఈ చర్చ చదివి ఆల్బమ్ ఇప్పుడే మొదటిసారి వింటున్నా, చాలా నచ్చింది. ఒక ప్రశ్న. రెగె అంటే తెలుసు, డబ్ అంటే రెగెలో పాట తీసేసిన వెర్షనేనా? లేక వేరే ఏదైనా ఉందా?

లోస్వరం

మొదలైంది అలాగే. 60ల చివర్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, రికార్డుకి ఒక వైపు పాట, రెండో వైపు గొంతు తీసేసిన అదే పాట, దాన్ని వెర్షన్ అనేవాళ్లు. సౌండ్ సిస్టమ్ డాన్సుల్లో, అంటే పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసే డాన్సుల్లో, ఆ వెర్షన్ మీద డీజేలు మాటలు చెప్పేవాళ్లు. అక్కడినుంచి దాన్ని కళగా మార్చింది కింగ్ టబ్బీ. అసలు పేరు ఓస్బోర్న్ రడాక్, ఎలక్ట్రానిక్స్ బాగుచేసే మనిషి, యాంప్లిఫయర్లు కట్టే మనిషి. డైనమిక్ సౌండ్స్ స్టూడియో నుంచి కొన్న పాత నాలుగు ట్రాకుల మిక్సింగ్ డెస్క్ ఆయన వాద్యం. దాని మీద ఒక పెద్ద ఫిల్టర్ నాబ్ ఉండేది, మెట్లు మెట్లుగా తిప్పితే సౌండ్‌లో కింది భాగం కొంచెం కొంచెంగా కోసేసుకుంటూ పోతుంది. ఇంట్లోనే స్టూడియో పెట్టుకుని వేరేవాళ్లు రికార్డ్ చేసి తెచ్చిన టేపుల్ని ముందు పెట్టుకుని, ఫేడర్లు దించుతూ ఎత్తుతూ, ఎకోలు విసురుతూ, ప్రతి పాటని కొత్తగా చేసేవాడు. ఇంకోవైపు లీ పెర్రీ బ్లాక్ ఆర్క్ స్టూడియోలో పొర మీద పొర వేసుకుంటూ పోయాడు. టబ్బీ తీసేసేవాడు, పెర్రీ కలిపేవాడు అని నేను గుర్తుపెట్టుకుంటా, మరీ సులువు చేసిన మాట అయినా మొదట్లో వినేవాళ్లకి పనికొస్తుంది.

కాబట్టి డబ్ అంటే ఒక రకం పాట కాదు, మిక్స్ చేసే పద్ధతి. అందుకే దాన్ని బ్లూస్ మీద కూడా చేయొచ్చు. షేర్‌వుడ్ అదే చేశాడు.

నీలిస్వరం

దీనికి ఒకటి కలుపుతా, నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. బ్లూస్, రెగె ఎక్కడో దూరం చుట్టాలు కావు. 50లలో జమైకా జనం వింటున్నది అమెరికా రిథమ్ అండ్ బ్లూస్. రాత్రిళ్లు మయామి, న్యూ ఆర్లీన్స్ రేడియో స్టేషన్లు సముద్రం దాటి అందేవి. డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ లాంటి సౌండ్ సిస్టమ్ వాళ్లు అమెరికా నుంచి రికార్డులు తెప్పించి, పోటీవాళ్లకి పేరు తెలియకుండా లేబుల్ గీకేసి డాన్సుల్లో వేసేవాళ్లు. మెంఫిస్ పియానో కళాకారుడు రాస్కో గోర్డన్ షఫుల్ (ఊగుతూ నడిచే లయ) వాయిస్తుంటే బరువు తాళం మీద కాక తాళానికీ తాళానికీ మధ్య పడేది, అది జమైకా వాళ్లకి తెగ నచ్చింది. అమెరికాలో ఆ తరహా రికార్డులు తగ్గిపోయి రాక్ అండ్ రోల్ వచ్చేసరికి వీళ్లు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టారు, ఆ మధ్య బరువే స్కా అయింది, తర్వాత రాక్‌స్టెడీ, రెగె, డబ్.

అంటే స్కిప్ రెండు వేర్వేరు సంగీతాల్ని అతికించలేదు. ఒకే ఇంట్లోంచి విడిపోయిన ఇద్దరిని మళ్లీ ఒకచోట కూర్చోబెట్టాడు. అందుకే వింటున్నప్పుడు అతుకు కనిపించదు.

షికాగో_వైపు

టేప్‌ఎకో గారి ఒక్క కార్డ్ వాదన బలంగా ఉంది, కార్డ్ మారుతున్నప్పుడు ఎకో ఢీకొంటుందన్న పాయింట్ నేనెక్కడా చదవలేదు. సరే. కానీ నాకు అంతకన్నా పెద్ద ఇబ్బంది ఒకటుంది, అది శాంపిల్స్.

హౌలిన్ వుల్ఫ్ 1976లో పోయాడు. జానపద, బ్లూస్ గాయకుడు లెడ్ బెల్లీ 1949లోనే పోయాడు. వాళ్ల గొంతుల్ని ముక్కలు చేసి, ఒక్కో వాక్యాన్ని లూప్ చేసి, వాళ్లు ఎప్పుడూ వినని సంగీతం మీద పెట్టారు. లెడ్ బెల్లీని మొదట రికార్డ్ చేసింది ఎక్కడ? 1933లో లూసియానాలోని అంగోలా జైల్లో ఖైదీగా ఉండగా, జానపద పాటలు సేకరించే జాన్ లోమాక్స్. అప్పుడే ఆ గొంతు మీద ఆయనకి పూర్తి హక్కు లేదు. అలాంటి గొంతుని అరవై ఏళ్ల తర్వాత ఇంకొకళ్లు మళ్లీ కత్తిరించి వాడుకోవడం నాకు మింగుడుపడదు. ఒక మనిషి బాధ మీద మంచి బాస్ లైన్ పెడితే అది అందంగా ఉంటుంది, ఆ అందమే నన్ను భయపెడుతోంది.

టేప్‌ఎకో

ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. నా జవాబు రెండు ముక్కల్లో.

ఒకటి, ఈ గుంపుకి ఈ ప్రశ్న కొత్త కాదు. కీత్ లెబ్లాంక్ 1983లోనే నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ ప్రసంగాల ముక్కలతో 'నో సెల్ అవుట్' చేశాడు. ఆ రికార్డు మీద కళాకారుడి పేరుగా మాల్కమ్ ఎక్స్ పేరే వేశారు, ఆయన భార్య బెట్టీ షబాజ్ సమ్మతితో విడుదల చేశారు. చనిపోయిన మనిషి గొంతుని తీసుకునేటప్పుడు ఎవరిని అడగాలి, ఎవరి పేరు ముందుండాలి అన్నది వీళ్లు అందరికన్నా ముందు ఆలోచించారు.

రెండోది చెవికి సంబంధించింది. శాంపిల్ వాడడంలో తేడాలుంటాయి. పాత గొంతుని మసాలాలా చల్లేవాళ్లున్నారు, గొంతు వస్తుంది, డాన్స్ బీట్ మొదలవుతుంది, గొంతు చెప్పిందేమిటో ఎవరికీ పట్టదు. ఈ ఆల్బమ్‌లో గొంతు వచ్చినప్పుడు వాద్యాలు తగ్గుతాయి, స్కిప్ గిటార్ దానికి జవాబిస్తుంది, ఆయనే పాడతాడు, వెనక గాస్పెల్ తరహా కోరస్ అందుకుంటుంది. ముందు పెద్దాయన ఒక మాట అంటే మిగతావాళ్లు అందుకునే పిలుపు, జవాబు పద్ధతి అది, చర్చిలోదీ పొలం పాటలదీ. ఆ పద్ధతిలో పెరిగినవాడు ఆ పద్ధతిలోనే వాడుకున్నాడు. ఎలక్ట్రానిక్ సంగీతం చేసే మోబీ 1999లో పాత జానపద రికార్డింగుల గొంతులతో ప్రపంచమంతా అమ్ముడైన ఆల్బమ్ చేశాడు. స్కిప్ అంతకు ఐదేళ్ల ముందే చేశాడు, అదీ తన సొంత వారసత్వంలోంచి తీసుకుని. పేరు మాత్రం ఎవరికొచ్చిందో మనకి తెలుసు. నాకు కోపం వచ్చేది అక్కడ.

షికాగో_వైపు

ఎవరు వాడారన్నదానిలో తేడా ఉందని నేనూ ఒప్పుకుంటా. హక్కుల విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటా.

ఇంటి_స్టూడియో

నేను ఇంట్లో కంప్యూటర్ మీద ఇలాంటిదే చేద్దామని చూస్తున్నా, ఎంత చేసినా ఎకో అంతా బురదలా అయిపోతోంది. పాట 75 బీపీఎం (నిమిషానికి 75 బీట్లు), షఫుల్ ఫీల్, స్లైడ్ గిటార్. డిలే (ఎకో తిరిగొచ్చే వ్యవధి) డాటెడ్ ఎయిత్‌లో, అంటే ముప్పావు బీట్‌లో పెట్టా. ఎక్కడ తేడా కొడుతోందో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

టేప్‌ఎకో

డాటెడ్ ఎయిత్ దగ్గరే. 75 బీపీఎంలో ఒక బీట్ 800 మిల్లీసెకన్లు, డాటెడ్ ఎయిత్ అంటే 600. మీ గిటార్ షఫుల్‌లో ఉంది, అంటే బీట్‌ని మూడు భాగాలు చేసి వాయిస్తున్నారు, రెండో దెబ్బ 533 దగ్గర పడుతుంది. ఎకో 600 దగ్గర పడుతోంది. ఆ చిన్న తేడా ప్రతి బీట్‌లోనూ గుచ్చుకుంటుంది, బురద అంటున్నది చాలావరకు అదే. డిలేని ట్రిప్లెట్‌కి మార్చి 533 పెట్టండి, లేదా పూర్తి బీట్ 800 పెట్టండి.

ఇంకోటి, డిలేని గిటార్ ట్రాక్ మీద నేరుగా పెట్టకండి, సెండ్ (సౌండ్‌ని విడిగా ఎకోకి పంపే దారి) మీద పెట్టండి. మామూలుగా సెండ్ మూసి ఉండాలి. ఏ స్వరాన్ని విసరాలనుకుంటున్నారో ఆ ఒక్కదాని దగ్గరే తెరిచి వెంటనే మూసేయండి. ఎకో వెనక్కి వచ్చే దారిలో 250 హెర్ట్జ్ కింద అంతా కోసేయండి, ఆ చోటు బాస్‌ది. పైన 3 వేల హెర్ట్జ్ దాటినదాన్ని కూడా తగ్గించండి, టేప్ ఎకోలో ప్రతి చుట్టుకీ సౌండ్ మసకబారేది, పాతవాటిలో ఎకో వెనక్కి జరుగుతున్నట్టు అనిపించేది అందుకే. రోలాండ్ స్పేస్ ఎకో అనే పాత టేప్ ఎకో యంత్రాన్ని అనుకరించే ప్లగిన్ ఉంటే దాని ఇంటెన్సిటీ నాబ్‌ని చేత్తో తిప్పుతూ లైవ్‌లో రికార్డ్ చేయండి, మౌస్‌తో గీతలు గీయకండి. మిక్స్ చేయడం కూడా వాయించడమే.

లోస్వరం

డ్రమ్స్ గురించి కూడా ఒక ముక్క. షఫుల్ బ్లూస్‌లో స్నేర్ డ్రమ్ రెండు, నాలుగు మీద పడుతుంది. రెగె వన్ డ్రాప్‌లో బరువు మూడో బీట్ మీద, మొదటి బీట్ ఖాళీ. రెండూ ఒకేసారి పెడితే పాట కుంటుతుంది. ఏదో ఒకటి ఎంచుకోండి. నేనైతే డ్రమ్స్‌ని వన్ డ్రాప్‌లో ఉంచి షఫుల్‌ని హై హ్యాట్‌కి (జంట తాళాలకి) మాత్రమే వదిలేస్తా.

ఇంటి_స్టూడియో

533 పెట్టగానే గిటార్ కుదురుకుంది! సెండ్ పద్ధతి ఇప్పుడు నేర్చుకుంటున్నా. అందరికీ థాంక్స్.

కొత్త_చెవులు

ఆల్బమ్ పూర్తయింది, 'నెవర్ టర్న్ బ్యాక్' మళ్లీ పెట్టుకున్నా. దీని తర్వాత ఏది వినాలి?

నీలిస్వరం

1996లో వచ్చిన 'స్లో ఫ్యూజ్' దీని కొనసాగింపులా ఉంటుంది, కానీ నేనైతే 2002లో వచ్చిన 'హార్డ్ గ్రైండ్' చెబుతా. లిటిల్ ఆక్స్ బయట కావాలంటే బ్లూస్ గాయకుడు టాజ్ మహల్ 1974లో చేసిన 'మో రూట్స్' వినండి, అందులో డబ్ మిక్సింగ్ లేదు, బ్లూస్ మనిషి రెగె వైపు చేయి చాపడం ఎలా ఉంటుందో దానిలో తెలుస్తుంది.

షికాగో_వైపు

నా ఓటు 2010లో వచ్చిన 'బాట్ ఫర్ ఎ డాలర్, సోల్డ్ ఫర్ ఎ డైమ్'కి. రియల్ వరల్డ్ లేబుల్ మీద వచ్చింది, స్కిప్, వింబిష్, లెబ్లాంక్ మళ్లీ కలిసి వాయించారు. శాంపిల్స్ కన్నా చేతులు ఎక్కువ వినబడతాయి, గిటార్ ముందుకొస్తుంది. నేను అడుగుతున్న బ్లూస్ నాకు అందులో దొరికింది, మీరు చెప్పే ఖాళీ చోటు కూడా అలాగే ఉంది. కొత్త_చెవులు గారూ, ఇదీ మొదటి ఆల్బమూ ఒకదాని తర్వాత ఒకటి విని ఏది బ్లూస్‌కి దగ్గరగా ఉందో ఇక్కడ రాయండి, ఈ విషయంలో కొత్తగా వింటున్న మనిషి మాటకే నేను విలువిస్తా.